రెండు సంచులు, ఇద్దరు ముసాఫిర్లు

పాతబస్తీలో భార్యాభర్తలు వీధిలో నడవడానికి ఒక పద్ధతి ఉంది. భర్త పదడుగులు ముందు నడుస్తాడు, భార్య వెనుక వస్తుంది. దీన్ని ఎవరూ నేర్పలేదు. ఏ ఫిఖ్హ్ గ్రంథంలోనూ ఇటువంటి నియమం లేదు. ఆ గ్రంథాలనే బోధిస్తూ జీవిస్తున్నవాణ్ణి కనుక ఈ మాట ధైర్యంగా చెప్పగలను. అయినా శాలిబండ నుంచి చార్మినార్ దాకా, అక్కణ్ణుంచి పత్తర్‌గట్టి మీదుగా మదీనా చౌరస్తా దాకా నేనూ ఇరవై తొమ్మిదేళ్లు అలాగే నడిచాను. రమజాను రద్దీలో వెనక్కి తిరిగి చూసినప్పుడు, నల్లని బురఖాల మధ్య నా శ్రీమతిని ఆమె చెప్పులను బట్టి గుర్తుపట్టేవాణ్ణి.

హిజ్రీ 1446 షాబాన్ మాసంలో, అంటే 2025 ఫిబ్రవరిలో, మదరసా వార్షిక పరీక్షలు ముగిసిన తరువాత మేమిద్దరం మలేషియా రాజధాని కౌలాలంపూర్‌కు వెళ్లి ఎనిమిది రోజులు ఉండి వచ్చాము. చెరొక వీపు సంచి తప్ప వేరే సామాను లేదు. చవక టిక్కెట్టు కొన్నవారికి విమానంలో చేతి సామాను ఏడు కిలోలకు మించనివ్వరు. కాబట్టి మదీనా చౌరస్తా దగ్గర బడిపిల్లలు తగిలించుకునే సంచులే రెండు కొన్నాము. తెల్లగడ్డంతో ఆ సంచి భుజాన వేసుకుని గల్లీ దాటుతుంటే, నా దగ్గర నూరానీ ఖాయిదా చదివే పిల్లలు కిసుక్కున నవ్వారు. పెద్దలు మాత్రం, "ఉమ్రాకా మౌలానా?" అని అడిగారు. కాదన్నాను. "మరి వైద్యానికా?" అన్నారు. అదీ కాదన్నాను. ఉమ్రా కాక, వైద్యం కాక, కొడుకు ఉద్యోగం చేసే చోటూ కాక, ఈ వయసులో ఆలుమగలు దేశం దాటి వెళ్లడమేమిటో మా వీధికి అర్థం కాలేదు. నిజానికి మొదట నాకూ అర్థం కాలేదు.

ఈ కోరిక ఆమెది. కొన్నేళ్ల క్రితం అల్లాహ్ దయవల్ల మాకు ఉమ్రా భాగ్యం కలిగింది. నలభై మంది బృందం. ముందు జెండా పట్టుకున్న మనిషి, వెనుక మేము. తిరిగి వచ్చాక ఒకరోజు ఆమె, "కాబాను కళ్లారా చూశాను, మదీనా చూశాను, అల్‌హమ్దులిల్లాహ్. మిగతా దారంతా మీ వీపే చూశాను" అని నవ్వింది. కాసేపటికి, "ఒక్కసారి జెండా లేకుండా, మనమిద్దరమే ఎక్కడికైనా వెళ్దామండీ" అన్నది.

దైవప్రవక్త (సఅసం) ప్రయాణానికి బయలుదేరేటప్పుడు తమ సతీమణులలో ఎవరిని వెంట తీసుకువెళ్లాలో చీట్లు వేసి నిర్ణయించేవారని బుఖారీలో ఉంది. ఒక ప్రయాణంలో హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగుపందెం వేసుకున్నారనీ, మొదటిసారి ఆమె గెలిచారనీ, చాలాకాలం తరువాత ఆయన గెలిచి ఇది దానికి బదులు అన్నారనీ అబూదావూద్‌లో ఉంది. ఈ హదీసు వచ్చిన ప్రతి ఏడూ తరగతిలో విద్యార్థులు నవ్వుతారు, నేనూ నవ్వుతాను. గంట కొట్టగానే పుస్తకం మూసి ఇంటికి వస్తాను. అంతే.

కౌలాలంపూరే ఎందుకంటే కారణాలు చాలా సాదావి. 2023 డిసెంబరు 1 నుంచి భారతీయులకు 30 రోజుల దాకా మలేషియా వీసా అడగడం లేదు. బయలుదేరే ముందు మూడు రోజులలోపు ఆన్‌లైన్‌లో ఒక పత్రం నింపితే చాలు. శంషాబాద్ నుంచి విమానం సుమారు నాలుగు గంటలు. భోజనం హలాలా కాదా అనే బెంగ ఉండదు, ప్రభుత్వ ముద్ర ఉంటుంది. మేము వెళ్లిన రోజుల్లో వారి రింగిట్ మన ఇరవై రూపాయలకు కాస్త తక్కువ. కూలర్ కొనడానికని దాచిన డబ్బు, మా అబ్బాయి కలిపిన డబ్బు సరిపోయాయి. సంచులలో రెండేసి జతల బట్టలు, జానమాజులు, ఆమె మోకాళ్ల మందులు, ఒక చిన్న సీసా మామిడికాయ పచ్చడి. అన్నిటికంటే అడుగున ఒక ప్లాస్టిక్ లోటా. పరదేశంలో నీళ్ల సౌకర్యం ఎలా ఉంటుందోనని ఆమె ముందుచూపు. అక్కడ ఏ మరుగుదొడ్డిలోకి వెళ్లినా నీళ్ల పైపు ఉంది. ఆ లోటా ఎనిమిది రోజులూ సంచిలో తిరిగి, ఒక్కసారి కూడా తడవకుండా పాతబస్తీకి తిరిగి వచ్చింది.

విమానాశ్రయం సెపాంగ్ అనే చోట, నగరానికి యాభై కిలోమీటర్లకు పైగా దూరంలో ఉంది. వేగంగా వెళ్లే రైలు ఉంది కాని టిక్కెట్టు 55 రింగిట్లు. బస్సుకు అందులో మూడో వంతు కూడా కాదు. బస్సులో వెళ్లాము. కిటికీకి ఇరువైపులా తాటిచెట్లకు బంధువుల్లా కనిపించే ఆయిల్ పామ్ తోటలు. మన గోదావరి జిల్లాల్లో, ఖమ్మం వైపు ఇప్పుడు వేస్తున్నవి ఇవే.

ముందుగా మాట్లాడుకున్న గది విషయంలో మాత్రం దెబ్బ తిన్నాము. రాత్రి పదకొండు గంటలకు వెతుక్కుంటూ వెళితే, మీ గది వేరేవారికి ఇచ్చేశామని ఒక కుర్రవాడు చల్లగా చెప్పాడు. డబ్బు వాపసు వస్తుందన్నాడు. రాత్రి ఎక్కడ ఉండాలో చెప్పలేదు. తెలియని నగరం, తెలియని భాష, అర్ధరాత్రి, పక్కన ఆడమనిషి. నాకు కోపం, భయం కలిసి వచ్చాయి. ఆమెకు నిద్ర తప్ప ఏదీ రాలేదు. "ముందు ఎక్కడైనా కూర్చుని చాయ్ తాగుదాం. చాయ్ దొరికే ఊళ్లో గది దొరకదా?" అన్నది.

అలా మొదటి రాత్రే మామాక్ దుకాణం పరిచయమైంది. తమిళ ముస్లిములు నడిపే భోజనశాలలను అక్కడ అలా పిలుస్తారు. తమిళంలోని మామా అనే పిలుపే ఆ పేరుగా మారింది. చాలావాటికి రాత్రీ పగలూ తేడా లేదు. రోటీ చనాయ్ అని ఒకటి ఇచ్చారు. పొరలు పొరలుగా మన పరోటాయే, పక్కన పప్పు. తే తారిక్ అంటే లాగిన చాయ్. ఒక గ్లాసులోంచి మరొక గ్లాసులోకి మూరెడు ఎత్తునుంచి పోసి నురగ తెస్తారు. మా ఆవిడ దాన్ని చూసి, ఇరానీ చాయ్‌కి ఇది దూరపు చుట్టమే గాని దగ్గరి చుట్టం కాదని తీర్పు చెప్పింది. వడ్డించే పెద్దాయన మా సంచులు చూసి సంగతి గ్రహించి, నాకు వచ్చిన పది తమిళ ముక్కలతో, తనకు వచ్చిన పాతిక ఉర్దూ ముక్కలతో విషయం తెలుసుకుని, ఎదురు మేడ మీది వసతి గృహానికి మనిషిని తోడిచ్చి పంపాడు. గదికి కిటికీ లేదు. తలుపు మీద దురియన్ పండు లోపలికి తేరాదని బొమ్మ ఉంది. రెండు మంచాలు, శుభ్రమైన దుప్పట్లు, పైకప్పు మీద ఖిబ్లా దిక్కు చూపే ఆకుపచ్చ బాణం. ఆ బాణం చూడగానే నా భయం పోయింది.

మరుసటి రోజు జుహర్ వేళకు మస్జిద్ జామెక్‌కు నడిచాము. గోంబాక్, క్లాంగ్ అనే రెండు నదులు కలిసే మొన మీద, కొబ్బరిచెట్ల నడుమ ఉంది. కౌలాలంపూర్ అన్న పేరుకే బురదనీటి సంగమం అని అర్థం. ఆ ఊరు పుట్టింది అక్కడే. మస్జిదును దూరం నుంచి చూడగానే మా ఆవిడ, "ఇది మన హైకోర్టులా ఉందేమండీ!" అన్నది. పొరపాటు లేదు. ఎర్ర ఇటుక, తెల్ల గచ్చు చారలు, ఉల్లిగడ్డ గుమ్మటాలు. దీన్ని గీసింది ఆర్థర్ బెనిసన్ హబ్బాక్ అనే ఆంగ్లేయుడు. మన ఉత్తరాది మొగలుల కట్టడాలను మనసులో పెట్టుకుని మలయా భూమి మీద కట్టాడు. ఆ తరువాత కొన్నేళ్లకు విన్సెంట్ ఎష్ అనే మరొక ఆంగ్లేయుడు దాదాపు అదే ఒరవడిలో మూసీ ఒడ్డున మన హైకోర్టుకు రూపం ఇచ్చాడు. జామెక్‌కు సెలాంగోర్ సుల్తాను పునాదిరాయి వేసింది 1908లో. మూసీ పొంగి మన నగరాన్ని ముంచింది ఆ ఏడు సెప్టెంబరులోనే. 1909లో అక్కడ నమాజు మొదలైంది.

సంగమం దగ్గర గట్టు మీద చాలాసేపు నిలబడ్డాను. ఆ నీళ్లు స్ఫటికంలా ఏమీ లేవు, బురద రంగే. కాని ఒడ్డున మనుషులు కూర్చుని ఉన్నారు, పిల్లలు ఆడుతున్నారు, ఎవరూ ముక్కు మూసుకోలేదు. నయాపూల్ దాటేటప్పుడు మనం ఏం చేస్తామో గుర్తుకు వచ్చింది.

అసలు సంగతి ఆ మస్జిదు గుమ్మం దగ్గర జరిగింది. నేను చెప్పులు విడుస్తుంటే ఆమె పక్కకు జరిగి, నీడ ఉన్న చోటు చూసుకుని, నా సంచి కూడా అందుకుని, "మీరు వెళ్లి రండి. నేనిక్కడ సంచులు చూసుకుంటాను" అన్నది. ఎంత సహజంగా అన్నదంటే, నేనూ అంతే సహజంగా తలూపి రెండడుగులు వేశాను. అప్పుడు లోపలి నుంచి ఒక మలయ్ స్త్రీ వచ్చింది. మా ఆవిడ వయసే ఉంటుంది. ఒక భాషలో ఆమె, ఇంకొక భాషలో ఈమె ఏమేమో అనుకున్నారు. ఉభయులకూ అర్థమైనది సలాము, నమాజు అనే రెండు మాటలే అనుకుంటాను. ఆ స్త్రీ మా రెండు సంచులనూ ఒక మూలకు చేర్చి, మా ఆవిడ మణికట్టు పట్టుకుని, లోపలికి తీసుకువెళ్లిపోయింది.

నమాజు ముగించుకుని వచ్చి గుమ్మం దగ్గర కూర్చున్నాను. పది నిమిషాలు, ఇరవై నిమిషాలు. ఎదురు చూడటం ఎలా ఉంటుందో ఆ పూట తెలిసింది. ఎన్ని మస్జిదుల బయట, ఎన్ని దుకాణాల అరుగుల మీద, ఎన్ని ఆటోలలో ఆమె నా కోసం ఇలా కూర్చుని ఉంటుందో లెక్క వేయడం మొదలుపెట్టి, కాసేపటికి మానేశాను. నలభై నిమిషాల తరువాత వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఏమైందని అడిగితే ఏమీ లేదన్నది.

రాత్రి గదిలో చెప్పింది. అక్కడ స్త్రీలకు తెలెకుంగ్ అని ఒక తెల్లని నమాజు వస్త్రం ఉంటుందట. తల నుంచి కిందికి వేసుకునేది, నడుము నుంచి పాదాల దాకా కట్టుకునేది, రెండు భాగాలు. మస్జిదుల్లో వాటిని బీరువాలో వరుసగా వేలాడదీసి ఉంచుతారు. బాటసారి స్త్రీలెవరైనా వేసుకుని నమాజు చేసి, మళ్లీ అక్కడే తగిలించి వెళ్తారు. ఈమెకూ ఒకటి తొడిగారు. భుజానికి భుజం ఆనించి నిలబడ్డారు. సలాము చెప్పగానే అటూ ఇటూ ఉన్న స్త్రీలందరూ ఈమె చేతులు అందుకుని ముసాఫహా చేశారు. "పదకొండు మంది" అన్నది. లెక్కపెట్టుకున్నది.

తరువాత ఆమె అడిగిన ప్రశ్న ఇది: "మన వీధి మస్జిదు లోపల ఎలా ఉంటుందండీ?"

నేను చెప్పసాగాను. ఆరు స్తంభాలు, ఆకుపచ్చ తివాచీ, మిహ్రాబుకు కుడి పక్కన గోడ గడియారం, ఎడమ పక్కన ఖుర్ఆన్ ప్రతులు పెట్టే చెక్క అర. చెబుతూ చెబుతూ ఆగిపోయాను. మా ఇంటి గడప నుంచి ఆ మస్జిదుకు అరవై అడుగుల దూరం లేదు. దాని అజాను విని ఆమె ముప్పై రమజానుల ఇఫ్తారు చేసింది. దాని ఇమాముకు నెలకొక పూట అన్నం వండి పంపింది. ఆ కట్టడం లోపల ఎలా ఉంటుందో సముద్రం అవతల, కిటికీ లేని గదిలో కూర్చుని, పరాయి దేశపు వింతను వర్ణించినట్టు ఆమెకు వర్ణిస్తున్నాను.

ఈ విషయంలో శాస్త్రం నాకు తెలియనిది కాదు. అల్లాహ్ దాసీలను అల్లాహ్ మస్జిదులకు వెళ్లకుండా ఆపవద్దని దైవప్రవక్త (సఅసం) ఆదేశించిన హదీసు బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉంది. హజ్రత్ ఉమర్ (రజి) భార్య ఒకరు ఇషా, ఫజ్ర్ నమాజులకు మస్జిదుకు వెళ్లేవారు. అది ఆయనకు అంతగా ఇష్టం లేదని తెలిసి కూడా వెళ్లేవారు. మరి ఆయన ఎందుకు వద్దనరని ఎవరో అడిగితే, దైవప్రవక్త (సఅసం) ఆదేశమే ఆయన్ను ఆపుతోందని సమాధానం వచ్చింది. స్త్రీకి ఇంట్లోని నమాజే శ్రేష్ఠమని తెలిపే హదీసులూ ఉన్నాయి. తరువాతి కాలపు పరిస్థితులు చూసి హజ్రత్ ఆయిషా (రజి) వ్యక్తం చేసిన ఆందోళన ఉంది. దాని ఆధారంగా మా హనఫీ ఫుఖహాలలో తరువాతివారు స్త్రీలు జమాఅత్‌కు రావడం తగదన్నారు. వారి తఖ్వా ముందు, వారి జ్ఞానం ముందు నేనెంత? వారు భయపడినది ఫిత్నాకు. కాని పత్తర్‌గట్టిలో బట్టల దుకాణాల్లో, లాడ్ బజారు గాజుల అంగళ్లలో రాత్రి పన్నెండు దాకా మన స్త్రీలు పురుషుల భుజాలు రాసుకుంటూ తిరుగుతుంటే ఎవరికీ గుర్తురాని ఫిత్నా, అస్ర్ వేళ దాటిపోతోందని వారు మస్జిదు మెట్ల వైపు చూసినప్పుడే గుర్తుకు వస్తుందేమి? ఈ ప్రశ్నను నేను ఎన్నడూ తరగతిలో వేయలేదు. రెండు పక్షాల ప్రమాణాలూ బోర్డు మీద రాయించి, మూడో పాఠానికి వెళ్లిపోయేవాణ్ణి. మన నగరంలో స్త్రీలకు ప్రత్యేకంగా చోటు ఉన్న మస్జిదులు లేకపోలేదు. 2020 జనవరిలో ముస్లిం పర్సనల్ లా బోర్డు కూడా స్త్రీలు మస్జిదులో నమాజు చేయడానికి ఇస్లాం అనుమతి ఉందని, జమాఅత్ వారికి విధి కాదని సుప్రీంకోర్టుకు తెలిపింది. అయినా మా గల్లీల్లో చాలా మస్జిదులలో ఒక తెర కట్టే చోటు కూడా లేదు.

తక్కిన రోజుల్లో చాలా తిరిగాము. ఫోనులో పటం చూసి దారి చెప్పడం ఆమె పని అయింది. నా కళ్లద్దాలకు ఆ గీతలు ఆనవు. కాబట్టి ఆమె ముందు, నేను వెనుక. ఆమె సంచి మీద రెండు పిచ్చుకల బొమ్మలున్నాయని నేను అప్పుడే చూశాను.

జంట గోపురాలు చూశాము. 452 మీటర్లు, 88 అంతస్తులు. తలెత్తి చూసి మెడలు నొప్పి పుట్టాయి, అంతకంటే రాయడానికి లేదు. ఇస్లామిక్ కళల ప్రదర్శనశాలలో మాత్రం సగం రోజు గడిచింది. ప్రపంచంలోని ప్రసిద్ధ మస్జిదుల నమూనాలు అక్కడ వరుసగా ఉన్నాయి. భారతదేశానికి వేరే గది ఉంది. చైనా ముస్లిముల చేతిరాత ఖుర్ఆన్ ప్రతుల ముందు నుంచి నన్ను లాక్కురావలసి వచ్చింది.

అక్కడివారు షాఫియీ మస్లక్ అనుసరిస్తారు. నేను ఏళ్ల తరబడి ఇమామ్ షాఫియీ (రహ్మలై) అభిప్రాయాలను పుస్తకంలోంచి చెప్పాను. ఒక నగరం మొత్తం వాటి ప్రకారం లేచి కూర్చోవడం మొదటిసారి చూశాను. మా లెక్కన అస్ర్ వేళ రావడానికి దాదాపు గంట ముందే వారు అస్ర్ చేసేస్తారు. ఫజ్ర్‌లో ఖునూత్ చదువుతారు. వారి వెనుక నిలబడి చేతులు ఎత్తకుండా మౌనంగా ఉన్నాను. మా ఆవిడకు ఇవేవీ కొత్త కాలేదు. ఆమె చిన్ననాటి స్నేహితురాలిది బార్కస్. నిజాముల సైన్యంలో పనిచేయడానికి యెమెన్‌లోని హజ్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బుల వంశీకులు ఉండే బస్తీ అది. బ్యారక్స్ అనే మాటే బార్కస్ అయింది. వారిదీ షాఫియీ మస్లకే, వారి మగవారిదీ లుంగీయే. ఇక్కడ సరోంగ్ కట్టుకుని మస్జిదుకు వచ్చే ముసలివారిని చూసి ఆమె, "బార్కస్ పెద్దలంతా ముందే వచ్చేశారు" అనేది. ఆ మాటలో హాస్యమే కాదు, చరిత్రా ఉంది. హజ్రమౌత్ ఓడలు మలయ్ దీవులకూ చేరాయి. 14వ శతాబ్దంలో ఇబ్నె బతూతా సుమత్రా తీరంలో దిగినప్పుడు అక్కడి సుల్తాను షాఫియీ ఫిఖ్హ్ చర్చలంటే చెవి కోసుకునేవాడని రాశాడు.

జాతీయ మస్జిదు వద్ద ఒక సంఘటన. అది 1965లో ప్రారంభమైనది. గుమ్మటం లేదు. విప్పిన గొడుగులాంటి నీలి కప్పు, 73 మీటర్ల మినారు. వుజూ చేసుకుని మెట్లెక్కుతుంటే ఆమె మోకాలు పట్టేసింది. చేయి అందించాను. ఇద్దరం చేయి పట్టుకునే పైకి వచ్చాము. పాతబస్తీలోనైతే నలుగురి ఎదుట అలా చేయి పట్టుకునేవాణ్ణో లేదో, నిజాయితీగా చెప్పలేను. పైన నల్లటోపీ పెద్దమనిషి ఒకరు చూసి, ఎంతో మర్యాదగా చిరునవ్వుతో కిందనున్న కొళాయిల వైపు చేయి చూపారు. నాకు వెంటనే వెలిగింది. షాఫియీ మస్లక్‌లో భార్య చేయి తగిలినా వుజూ భంగమవుతుంది. మాకు కాదు. "అనా హనఫీ" అన్నాను. ఆయన ఒక క్షణం ఆలోచించి, పెద్దగా నవ్వి, నా భుజం తట్టి, తన భార్యను వెతికి చూపిస్తూ అరబీలో, ఈ ఒక్క విషయంలో మీరే అదృష్టవంతులన్నట్టు ఏదో అన్నారు. ఎక్కణ్ణుంచి వచ్చారని అడిగారు. హైదరాబాద్ అనగానే "బిర్యానీ!" అన్నారు. నాలుగు వందల ఏళ్ల నగరానికి లోకంలో మిగిలిన పేరు ఇది.

రింగిట్ నోట్ల మీద అరబీ లిపిలోనూ అక్షరాలుంటాయి. జావీ అంటారు. మలయ్ భాషను ఒకప్పుడు ఆ లిపిలోనే రాసేవారు. మా ఇద్దరికీ చదవడం వస్తుంది, అర్థం కాదు. కాని కొన్ని మాటలు చటుక్కున పలకరించేవి. వఖ్తు వక్తు అయింది, కుర్సీ కెరుసి అయింది, దునియా దునియాగానే ఉంది. రోటీ రోటీయే. బ్రిక్‌ఫీల్డ్స్ అనే భారతీయ పేటలో ఒక వృద్ధుడు మా తెలుగు విని ఆగాడు. వాళ్ల తాత శ్రీకాకుళం వైపు నుంచి రబ్బరు తోటల పనికి వచ్చాడట. తాను ఆ ఊరు చూడలేదన్నాడు. ఆయన తెలుగులో ఇంగ్లిషు ముక్క ఒక్కటి లేదు. మాలో ఉన్నాయి.

చివరి రోజు మస్జిద్ ఇండియా వీధికి వెళ్లాము. 1863లో మన దక్షిణాది ముస్లిం వర్తకులు నెలకొల్పిన మస్జిదు అది. చుట్టూ రమజాను సంత సిద్ధమవుతోంది. ఆ వీధిలోనే 2024 ఆగస్టు 23న కాలిబాట ఉన్నట్టుండి కుంగిపోయి, మన తెలుగు యాత్రికురాలు ఒకామె అందులో పడిపోయింది. తొమ్మిది రోజులు వెతికినా ఆమె దొరకలేదు. పత్రికలలో చదివి ఉన్నాము. ఆ తావు దగ్గరకు రాగానే మా ఆవిడ నిలిచిపోయింది. జనం మామూలుగానే నడుస్తున్నారు. ఆమె పెదవులు కదిలాయి. ఆ తల్లి బిడ్డలకు ఓర్పునివ్వమని అల్లాహ్‌ను వేడుకున్నదట. ఆ తరువాత విమానాశ్రయం చేరేదాకా నేను ఆమెకు ముందూ నడవలేదు, వెనుకా నడవలేదు.

ఆ వీధిలోనే తెలెకుంగ్‌లు కొన్నది. పిల్లలకు బొమ్మలు, కోడలికి ఓణీ ముగిశాక చేతిలో మిగిలిన డబ్బంతా పెట్టి, బేరమాడి మరీ మూడు కొన్నది. ఒక మనిషికి మూడెందుకని అడిగాను. "ఒకటి నాకు. రెండు మస్జిదులో పెట్టడానికి" అన్నది. ఏ మస్జిదులో అని నేను అడగలేదు.

వచ్చిన వారానికి రమజాను మొదలైంది. ఇషా తరువాత కమిటీ పెద్దలను కూర్చోబెట్టి విషయం ఎత్తాను. వుజూ ఖానా పక్కన పాత చాపలు, విరిగిన ఫ్యాన్లు పడేసి ఉన్న గది ఒకటి ఉంది. దానికి వీధి వైపు వేరే తలుపు కూడా ఉంది. శుభ్రం చేసి, తెర కట్టి, స్పీకరు పెడితే ఇరవై మంది స్త్రీలు నిలబడవచ్చు. ఖర్చు నేను భరిస్తానన్నాను. ఒకరు, "మలేషియా గాలి తగిలింది మౌలానాకు" అన్నారు. ఒకరు కితాబు అడిగారు, చూపాను. సదర్ సాహెబ్ చాలాసేపు తస్బీహ్ తిప్పి, వద్దనలేదు. "రమజాను వెళ్లనీయండి, చూద్దాం" అన్నారు.

రమజాను వెళ్లింది. బక్రీదు కూడా వెళ్లింది. గదిలోని ఫ్యాన్లు మాత్రం పాత సామాను వాడికి అమ్మేశారు, చాపలు ఇంకా ఉన్నాయి. ఆమె ఒక తెలెకుంగ్ వేసుకుని ఇంట్లో నమాజు చేసుకుంటోంది. మిగతా రెండూ ఉతికి, ఇస్త్రీ చేసి, బీరువాలో నా షేర్వానీ పక్కన తగిలించి ఉన్నాయి. నేను ప్రతి జుమా నాడు షేర్వానీ తీసుకోవడానికి వాటిని పక్కకు జరపవలసి వస్తోంది.